మొదటి లాన్ మోవర్: ఏది కొనాలి, ఎవరి చేతికి ఇవ్వాలి

ఇల్లు కొన్న మూడో వారానికే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, నుంచి ఉత్తరం వచ్చింది. ముందువైపు గడ్డి బాగా పెరిగింది, పది రోజుల్లో కోయించండి అని. డాలస్‌కి ఉత్తరాన కొత్తగా కట్టిన కాలనీ మాది. ఎనిమిదేళ్లు అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లం, అక్కడ గడ్డి ఎవరు కోసేవారో కూడా ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఏ మోవర్ కొనాలని అడిగాను. అరగంటలో ఇరవై మెసేజ్‌లు. 56 వోల్టుల బ్యాటరీది తీసుకోమని ఒకరు, గ్యాస్‌ది (అంటే పెట్రోల్‌ది) తప్ప ఏది కొన్నా దండగని ఇంకొకరు, నెలనెలా డబ్బు పడేస్తే పనివాళ్లే వచ్చి కోస్తారు కదా అని మరొకరు. అందరూ పవర్ గురించీ ధర గురించీ మాట్లాడారు. దాన్ని తోసేది ఎవరని ఒక్కరూ అడగలేదు.

నాకూ తట్టలేదు. మూడు నెలల తర్వాత నాన్న ఊరి నుంచి వచ్చారు. ఒక శనివారం మేం నిద్ర లేవకముందే లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులేసుకుని, గరాజ్ లోంచి మోవర్ని బయటికి లాగారు. కిటికీలోంచి చూసి పరుగెత్తాను. నలభై ఏళ్లు కొడవలి పట్టిన మనిషి, పనిముట్టంటే భయం లేదు. టెన్షన్ అంతా అక్కడే. కొడవలి అంచు కంటికి కనపడుతుంది. మోవర్ బ్లేడు డొప్ప కింద ఉంటుంది, తిరుగుతోందో ఆగిందో పైనుంచి తెలియదు.

అందుకే ఈ పోలిక మామూలు కొనుగోలు గైడ్లలా పవర్‌తో మొదలుపెట్టను. వెనక నడుస్తూ తోసే మోవర్లలో ఏ రకం ఏ ప్రమాదం తెస్తుంది, అది మీ ఇంటి నేలకీ మనుషులకీ సరిపోతుందా అన్నదే నా లెక్క.

బ్లేడు గురించి రెండు ముక్కలు

రోటరీ మోవర్లో, అంటే ఫ్యానులా అడ్డంగా తిరిగే బ్లేడున్న బండిలో, బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికాలో పరిశ్రమ ప్రమాణం ఉంది. మన లెక్కలో గంటకి దాదాపు 347 కిలోమీటర్లు. పరిమితే అంత! గడ్డిలో దాగిన గులకరాయి ఆ బ్లేడుకి తగిలితే ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. మా వెనక తలుపు అద్దం అలాగే పోయింది. ఉసిరికాయంత రాయి, నాలుగు వందల డాలర్ల అద్దం. ఆ సమయానికి మా చిన్నాడు అద్దం అవతల లేడు, అంతే.

రెండో సంగతి హ్యాండిల్ దగ్గరుండే సన్నటి కడ్డీ. దాన్ని హ్యాండిల్‌తో కలిపి నొక్కి పట్టుకున్నంతసేపే బ్లేడు తిరగాలి, వదిలితే 3 సెకన్లలో ఆగిపోవాలి. 1982 జూన్ 30 తర్వాత తయారైన, మనం వెనక నడుస్తూ నడిపే రోటరీ మోవర్లన్నిటికీ అమెరికా ప్రభుత్వం పెట్టిన నియమం ఇది. కాలు జారినా, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగినా, చెయ్యి వదలగానే బండి ఆగుతుంది. మాటిమాటికీ ఆగిపోతోందని విసుగొచ్చి ఈ కడ్డీని జిప్‌టై తోనో తీగతోనో కట్టేసేవాళ్లున్నారు. గరాజ్ సేల్‌లో అలా కట్టేసిన బండి కనిపిస్తే పది డాలర్లకి ఇచ్చినా తీసుకోకండి.

గ్యాస్ బళ్లలో ఈ ఆపడం రెండు రకాలు. మామూలు బళ్లలో కడ్డీ వదిలితే ఇంజినే ఆగిపోతుంది, మళ్లీ తాడు లాగాలి. కాస్త ఖరీదైనవాటిలో ఇంజిన్ నడుస్తూనే ఉండి బ్లేడు ఒక్కటే ఆగుతుంది. రెండోది సుఖమైనది మాత్రమే కాదు, నా దృష్టిలో భద్రత కూడా. దారిలో పిల్లల బంతి కనిపించినప్పుడు మళ్లీ తాడు లాగాలన్న బద్ధకం ఉండదు కాబట్టి మనిషి నిజంగానే ఆగి తీస్తాడు. హోండా 2023లో అమెరికాలో మోవర్ల తయారీ ఆపేసింది గానీ, ఈ బ్లేడు క్లచ్ ఉన్న వాళ్ల పాత బళ్లు సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా దొరుకుతున్నాయి.

రీల్ మోవర్

1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ అనే ఊళ్లో ఎడ్విన్ బడ్డింగ్ తయారుచేసిన మొదటి లాన్ మోవర్ ఈ రకమే. బట్టల మిల్లులో నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఇంజిన్ లేదు, కరెంటు లేదు. మనం తోస్తే చక్రాలతోపాటు బ్లేళ్ల చుట్ట తిరిగి, కింద ఉన్న పట్టీకి ఒరుసుకుంటూ కత్తెరలా కోస్తుంది. తోయడం ఆపితే అదీ ఆగుతుంది. రాళ్లు విసరదు, పొగ లేదు, చప్పుడూ లేదు.

టౌన్‌హోమ్ (గోడా గోడా కలిసిన వరస ఇల్లు) ముందు రెండు మంచాలు పట్టేంత గడ్డి ఉన్నవాళ్లు వేరేది చూడక్కర్లేదు. చదునుగా ఉండే రెండు మూడు వేల చదరపు అడుగుల వరకూ బాగానే పనిచేస్తుంది. బెర్ముడా లాంటి సన్నగడ్డిని అంగుళం, రెండంగుళాల ఎత్తున అందంగా కోస్తుంది. టెక్సస్‌లో చాలా ఇళ్లకి ఉండే సెయింట్ ఆగస్టీన్ గడ్డి వేరు. అది రెండున్నర నుంచి నాలుగంగుళాలు ఉండాలి, చాలా రీల్ మోవర్లు మూడంగుళాలకి మించి లేవవు. చిన్న పుల్ల అడ్డం పడ్డా ఆగిపోతుంది. రెండు వారాలు ఊరెళ్లి వస్తే పెరిగిన గడ్డిని కోయదు, తొక్కుకుంటూ పోతుంది.

ఇంజిన్ లేదు కదా అని పిల్లల చేతికి ఇవ్వొద్దు. బ్లేళ్లు బయటికే కనిపిస్తుంటాయి. ఒకడు చుట్టలో చెయ్యి పెట్టి, ఇంకొకడు హ్యాండిల్ కాస్త కదిపాడంటే వేళ్లు పోతాయి.

వైరు మోవర్

ధర తక్కువ, బరువు తక్కువ, ఛార్జింగ్ గొడవ లేదు. కానీ బ్లేడున్న బండి వెనకాల కరెంటు తీగని లాక్కుంటూ తిరగడం నాకు నచ్చదు. తీసుకున్నా ఒక పద్ధతి ఉంది. ప్లగ్గు ఉన్న గోడ దగ్గర మొదలుపెట్టి, అటూఇటూ వరసలు వేస్తూ గోడకి దూరంగా జరగాలి. అప్పుడు తీగ ఎప్పుడూ కోసేసిన వైపే ఉంటుంది. బయటి వాడకానికని రాసున్న ఎక్స్‌టెన్షన్ కొనాలి, వంద అడుగులకి 14 గేజ్, కుదిరితే 12. నంబరు తగ్గేకొద్దీ తీగ లావు. ప్లగ్గుకి జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ, ఉండి తీరాలి. గడ్డి తడిగా ఉంటే ఆ రోజుకి మానేయడమే.

ఇండియాలో ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ కాసేపు ఆగండి. హైదరాబాద్ చుట్టుపక్కల విల్లాల్లో, ఫామ్‌హౌస్‌ల్లో వైరు మోవర్లు వాడేవాళ్లున్నారు. అమెరికాలో 120 వోల్టులైతే అక్కడ 230. ఆ ప్లగ్గు వెనక 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (జీఎఫ్‌సీఐ లాగే లీకైతే కరెంటు ఆపేసే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే బండి కొనండి. వదిలితే ఆగే కడ్డీ లేకుండా ఉత్త ఆన్-ఆఫ్ స్విచ్చున్న మోడల్ చూపిస్తే వద్దనండి. తోటమాలి చేత కోయిస్తే ఆయనకి బూట్లు కొనిపెట్టడం కూడా మీ ఖర్చే.

బ్యాటరీ మోవర్

మామూలు కాలనీ ఇంటికి నేను చెప్పేది ఇదే. పావు ఎకరం స్థలమంటే మన లెక్కలో 25 సెంట్లు, తెలంగాణ లెక్కలో 10 గుంటలు. ఇల్లు, డ్రైవ్‌వే పోగా గడ్డి అయిదారు వేల చదరపు అడుగులు మిగులుతుంది. మంచి బ్యాటరీ ఒక్క ఛార్జింగ్‌తో దాన్ని ముగిస్తుంది. పెట్రోల్ డబ్బా ఉండదు, కాలే సైలెన్సర్ ఉండదు, తాడు లాగి భుజం పట్టేయడం ఉండదు.

షాపులో వోల్టులు చూసి మోసపోకండి. 40 వోల్ట్ మ్యాక్స్ అని రాసిన బ్యాటరీ మామూలుగా నడిచేది 36 వోల్టుల దగ్గరే, పెట్టె మీద రాసేది నిండుగా ఛార్జ్ చేసినప్పటి అంకె. చూడాల్సింది వోల్టులని ఆంప్-అవర్లతో గుణించిన అంకె, బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందో అదే చెబుతుంది. పెట్టె మీది అంకెలతోనే లెక్కేస్తే 40 వోల్టుల 6 ఆంప్-అవర్ల బ్యాటరీలో 240 వాట్-అవర్లు, 56 వోల్టుల 5 ఆంప్-అవర్ల దాంట్లో 280. పెద్ద తేడా ఏం కాదు. పెట్టె మీద అరవై నిమిషాలని రాసి ఉంటే మే నెల దట్టపు గడ్డిలో అంతసేపు రాదు. బ్యాటరీ మధ్యలో అయిపోవస్తుంటే మనిషి తొందరపడతాడు, తొందరలోనే తప్పులు జరుగుతాయి. కాబట్టి మీ లెక్కకంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఈ బండి ప్రమాదాలు వేరు. చప్పుడు తక్కువ కాబట్టి వెనక నుంచి వచ్చే పిల్లలకి భయం వేయదు, దగ్గరికొచ్చేస్తారు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది కాబట్టి ఆరేళ్లవాడు కూడా స్టార్ట్ చేయగలడు. అందుకే చాలా మోడల్స్‌కి తీసేయగలిగే చిన్న కీ ఇస్తారు. అది బండికే వదిలేస్తే ఉన్నా లేనట్టే. మాది వంటింట్లో కాఫీపొడి డబ్బా పక్కన మేకుకి వేలాడుతుంది. లుంగీ సంఘటన తర్వాత మా ఆవిడ చేసిన ఏర్పాటు అది. నాన్నకి కీ కావాలంటే కోడలిని అడగాలి, కోడలు ముందు ఆయన కాళ్లకేసి చూస్తుంది.

బ్యాటరీని నీళ్లు గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకూడదు, టెక్సస్ ఆగస్టు ఎండకి ఉడికిపోయే గరాజ్‌లోనూ ఉంచకూడదు. కోసిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు ఛార్జర్‌లో గుచ్చకుండా కాసేపు చల్లారనివ్వండి. ఉబ్బినా, పగిలినా మళ్లీ బండికి పెట్టొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు.

గ్యాస్ మోవర్

ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే. నాన్న మొదట వంటగ్యాస్ అనుకుని, సిలిండర్ ఎక్కడ పెడతార్రా అని అడిగారు.

అర ఎకరం దాటినా, వానాకాలంలో వారం వారం కోయడం కుదరక గడ్డి మోకాలి దాకా వచ్చే ఇల్లయినా ఇదే గట్టిది. బ్యాటరీ బండి మూలిగే చోట ఇది పోతుంది. కానీ పనులన్నీ నెత్తిన పడతాయి. గరాజ్ లోపల స్టార్ట్ చేయకూడదు, షట్టర్ తెరిచే ఉన్నా సరే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పోయకూడదు, పదిహేను నిమిషాలు ఆగాలి. బంకులో డబ్బాని కారు డిక్కీలో ఉంచి నింపకుండా నేల మీద పెట్టి నింపాలి. పంపు దగ్గర ఈ15 (15 శాతం దాకా ఇథనాల్ కలిపినది) అని రాసున్నది చవగ్గా కనిపిస్తుంది, కానీ చిన్న ఇంజిన్లకి 10 శాతానికి మించి ఇథనాల్ ఉన్న పెట్రోల్ పనికిరాదు. చెవి దగ్గర చప్పుడు తరచూ 85 డెసిబెల్స్ దాటుతుంది, కాబట్టి చెవులకి మఫ్‌లు కావాలి. పాటలు వినే ఇయర్‌బడ్స్ దానికి బదులు కావు. అవి వచ్చే చప్పుడుని ఆపవు సరికదా, పక్కవాళ్లు పిలిచే పిలుపుని మాత్రం ఆపుతాయి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఈ తర్జనభర్జన దాదాపు అక్కర్లేదు. 2024 మోడల్ సంవత్సరం నుంచి అక్కడ అమ్మకానికి తయారయ్యే కొత్త మోవర్లు పొగ రానివే అయి ఉండాలని నియమం పెట్టారు.

అరవై దాటిన నాన్నో అమ్మో నడుపుతారనుకుంటే గ్యాస్ బండి కొనకండి. తాడు లాగడమే ఒక పరీక్ష.

నడిచే బండా, తోసే బండా

దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు. సెల్ఫ్ ప్రొపెల్డ్ అంటే చక్రాలకి కూడా మోటారు ఉంటుంది, బండి తనంతట తను ముందుకి పోతుంది. పని సులువవుతుంది. అయితే వేగం మన చేతిలో లేకపోతే బండే మనిషిని లాక్కుపోతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో వేగం తగ్గించుకునే లివర్ ఉన్నదే తీసుకోవాలి. షాపులోనే హ్యాండిల్ పట్టించి, వాళ్ల గుప్పిట్లో కడ్డీ ఇమిడిందా, వాళ్ల నడకకి సరిపోయే నిదానమైన వేగం ఉందా చూడండి.

చక్రాల మోటారు ముందుదా వెనకదా అన్నది కూడా ముఖ్యమే. ముందు చక్రాలది చదును నేల మీద, చెట్ల చుట్టూ తిప్పడానికి తేలిక. వెనక సంచి నిండితే ముందు తేలికై జారుతుంది. వాలు ఉంటే వెనక చక్రాలదే.

వాలు మాట వచ్చింది కాబట్టి, వెనక నడిచే మోవర్‌తో వాలుకి అడ్డంగా కోయాలి, పైకీ కిందికీ కాదు. పైకి తోస్తుంటే కాలు జారి బండి మీదకొస్తుంది, కిందికి దిగుతుంటే మన కాలే బండి కిందికి పోతుంది. కూర్చుని నడిపే పెద్ద బండికి నియమం దీనికి సరిగ్గా తలకిందులు. అందుకే రెండూ నడిపినవాళ్లు పొరబడతారు. చాలా మాన్యువల్స్ 15 డిగ్రీలు దాటితే వద్దంటాయి. పది అడుగుల దూరానికి రెండున్నర అడుగులకి మించి ఎత్తు పెరుగుతోందంటే ఆ హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. ఫోనులోని లెవెల్ యాప్‌తో ఒక పలక మీద పెట్టి కొలవొచ్చు. మా వెనక కాలువ గట్టు 18 చూపించింది. అక్కడ గడ్డి పీకించి పాకే మొక్కలు నాటాం.

బండిని వెనక్కి లాగుతూ కోయడం ఇంకో చెడ్డ అలవాటు. కంచె మూలలో అందరం చేస్తాం. మోవర్ కాళ్ల మీదకొచ్చేది అప్పుడే. కడ్డీ వదిలి, బ్లేడు ఆగాక వెనక్కి లాగండి.

కోసిన గడ్డి ఎటు పోవాలి

పక్కకి చిమ్మడం, వెనక సంచిలో పట్టడం, ముక్కలు చేసి అక్కడే రాల్చడం, మూడూ చేసే బండి తీసుకుని ఎప్పుడూ మూడోదే వాడండి. పక్క ద్వారం మూసి ఉంటుంది కాబట్టి రాళ్లు ఎగిరే దారి తగ్గుతుంది. మా అద్దం పగిలింది పక్కకి చిమ్మేటప్పుడు. గడ్డికి కూడా ఇదే మంచిది, ఎరువవుతుంది. ఒక్కసారి మూడో వంతుకి మించి ఎత్తు కోయకుంటే ఉండలు కట్టదు. నాన్నకి మాత్రం ఇది మింగుడుపడలేదు. "ఇంత పచ్చగడ్డి కోసి నేలపాలు చేస్తారా, మన గేదెలు చూస్తే ఏడుస్తాయిరా" అన్నారు.

తడి గడ్డి డొప్ప కింద ముద్దకడుతుంది. అప్పుడే చేతులు పోతాయి. ఒకసారి నాన్న కడ్డీ వదిలి, వెంటనే వంగి ముద్దని చేత్తో లాగబోయారు. నేను అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. కడ్డీ వదిలాక బ్లేడు ఆగాలి. తర్వాత బ్యాటరీ బండికి కీ, బ్యాటరీ తీయాలి, గ్యాస్ బండికి స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి. ఆ తర్వాత కూడా చెయ్యి కాదు, కర్రతో గీకాలి. ఇరుక్కున్నది వదలగానే బ్లేడు తనంతట తను కాస్త కదలొచ్చు. గ్యాస్ బండిని వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండేలా వంచండి, లేకపోతే ఆయిల్ అందులోకి పోతుంది.

ఎవరు నడపాలి

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది 12 ఏళ్లు. కూర్చుని నడిపేదానికి 16. మా పెద్దాడికి పదకొండు, రోజూ అడుగుతాడు, ఇంకో ఏడాది ఆగమంటున్నాను. ఆరేళ్ల లోపు పిల్లలు కోసేటప్పుడు ఇంట్లోనే ఉండాలి. బయట కుర్చీ వేసి కూర్చోబెట్టడం కాదు, తలుపు లోపల.

బట్టల విషయంలో మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. లుంగీ, చీర, చున్నీ వద్దు. ప్యాంటు, వేళ్లు మూసే బూట్లు, కళ్లద్దాలు. మామూలు పవర్ అద్దాలు కాదు, పక్కలు మూసినవి, హార్డ్‌వేర్ షాపులో పది డాలర్ల లోపే. మొదలుపెట్టే ముందు యార్డంతా ఒకసారి నడిచి రాళ్లు, పుల్లలు, బొమ్మలు ఏరాలి. స్ప్రింక్లర్ తలలు కిందికి దిగాయో లేదో చూడాలి.

మా ఇంట్లో ఉన్నది 21 అంగుళాల బ్యాటరీ బండి, వెనక చక్రాల మోటారుది, అయిదు వందల యాభై డాలర్లయింది. పావు ఎకరం చదును నేలకి అదే కొనమంటాను. టౌన్‌హోమ్‌కి రీల్ చాలు, నూటయాభై లోపు. అర ఎకరం దాటితే గ్యాస్, లేదా రెండో బ్యాటరీకి డబ్బు పెట్టుకోండి. ఇంట్లో ఎవరికీ మోకాళ్లు సరిగా లేకపోతే, వాలు నిటారుగా ఉంటే, పనివాళ్లని పెట్టుకోవడం ఓడిపోవడమేం కాదు. కాకపోతే వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా అని అడిగి పెట్టుకోండి.

ఏది కొన్నా, రోటరీ బండైతే పెట్టె విప్పిన రోజే ఒక పని చేయండి. చదునైన చోట బండి నిలబెట్టి, స్టార్ట్ చేసి, కడ్డీ వదలండి. కిందికి వంగి చూడొద్దు, చెవితో వినండి. ఒకటి, రెండు, మూడు. మూడు లెక్కపెట్టేసరికి బ్లేడు చప్పుడు పూర్తిగా ఆగాలి. ఆగకపోతే రసీదు దొరికేచోట పెట్టుకుని, ఆ వారంలోనే షాపుకి తిరిగి పట్టుకెళ్లండి.